తెల్ల గుండీ సీసా

మా ఆవిడ నడుముకి పన్నెండు సీసాలు కట్టుకుని తిరుగుతుంది. మీరేవేవో ఊహించుకోకండి. మందు సీసాలూ కావు, సెంటు సీసాలూ కావు. ఒక్కోటి నా బొటనవేలంత ఉంటుంది, లోపల వీధిలోవాళ్ళ కుళాయి నీళ్ళు. స్వెట్టరు లోపల కడుపుకి ఆనించి ఒక రోజంతా మోస్తుంది. నడుస్తుంటే సన్నగా టిక్కుటిక్కుమంటాయి. ఆ చప్పుడు వింటే మా వీధి పిల్లులు పక్కకి తప్పుకుంటాయి. నేనూ తప్పుకుంటాను.

నవ్వొస్తుందని తెలుసు. నేనూ నవ్వినవాణ్ణే. ఆ నవ్వు చివరికి నన్ను ఏ గోతిలో దింపిందో చెప్తాను వినండి. నా తప్పు నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి మధ్యలో ఎవరూ నాకు హితబోధ చెయ్యొద్దు. ఆ పని మా ఆవిడ ఎప్పుడో పూర్తిచేసేసింది.

నేను ప్లంబర్ని. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. మా చుట్టుపక్కల ఏ ఇంట్లో కుళాయి తిప్పినా నా చెయ్యి తగిలిన గొట్టంలోంచే నీళ్ళొస్తాయి. "నా చెయ్యి పడిందంటే గ్యారంటీ" అని గుండెమీద కొట్టుకుని చెప్పడం నాకు అలవాటు. మా ఆవిడ టైలరు. ముందుగదిలో మెషీను, కిటికీ కింద కత్తిరించే బల్ల, బల్ల కింద బిస్కట్ల డబ్బా నిండా గుండీలు. పాతికేళ్ళుగా ఈ వీధిలో సగం మంది ఆమె కుట్టిన బట్టలే తొడుక్కుంటున్నారు. అయినా ఆమెని అందరూ పిలిచేది "ప్లంబరు గారి భార్య" అనే. అది నాకు బాగానే ఉండేది. ఆమెకి ఎలా ఉండేదో నేను అడగలేదు.

ఆమె సంగతి ఒకటి ముందే చెప్పాలి. ఒకసారి పెళ్ళికి కుట్టిన కోటు, తెల్లారితే ఇచ్చెయ్యాలి. కాలరు వెనక కుట్టు నూలు పోగంత పక్కకి పోయింది. ఆమె మొత్తం విప్పేసింది. "కాలరు వెనక్కి తిప్పి ఎవడు చూస్తాడే?" అన్నాను. దారం పళ్ళతో తెంపుతూ, "నేను చూశాను కదండీ" అంది. అంతే. ఆమె చదివింది ఏడో తరగతి దాకానే గానీ, టేపు పెట్టి రెండుసార్లు కొలవనిదే సొంత కళ్ళని కూడా నమ్మదు.

ఇంక కథలోకి వస్తాను. మా వీధి ఏటవాలుగా ఉంటుంది. పై వరసలో పద్నాలుగు ఇళ్ళు, కింది వరసలో పదకొండు. పై వరసకి నీళ్ళ గొట్టం పందొమ్మిదేళ్ళ కిందట నేనే వేశాను. కింది వరసది వేరే లైను, వేరే ఎవరో వేశారు. కింది వరసలో ఏడాదిగా నీళ్ళు వాసనొస్తున్నాయి. పిల్లలకి కడుపునొప్పులు, పెద్దవాళ్ళకి విరేచనాలు. నీళ్ళాఫీసుకి ఎన్ని ఉత్తరాలు రాసినా ఒకటే జవాబు: ట్యాంకు దగ్గర పరీక్ష చేశాం, నీళ్ళు శుభ్రం. ట్యాంకులో శుభ్రమేనయ్యా, మా పొట్టలోకి వచ్చేసరికి ఏమవుతున్నాయో చూడండి మొర్రో అంటే వినేవాడు లేడు. దాంతో కింది వరసవాళ్ళు తాగడానికి మా ఇంటి బయట కుళాయి దగ్గరికి క్యాన్లు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలో కూర్చుని, "పట్టుకెళ్ళండమ్మా, ఇది నేను వేసిన లైను, గ్యారంటీ" అనేవాణ్ణి. పొద్దున్నే ఆ మాట అంటే నాకు కడుపు నిండిపోయేది.

అప్పుడు రిటైరైన సైన్సు టీచరమ్మ ఒకావిడ రంగంలోకి దిగింది. ఎక్కడినుంచో చిన్న చిన్న సీసాలు తెప్పించింది. ప్రతి సీసాలో మందు రాసి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. అందులో కుళాయి నీళ్ళు గీతదాకా పోసి, మూత బిగించి, ఒక రోజంతా వెచ్చగా ఉంచాలి. నీళ్ళలో మురుగు కలిస్తే సీసా నల్లబడుతుంది, కలవకపోతే ఎప్పటిలాగే ఉంటుంది. అంతే పరీక్ష. దానికి ఐదుగురు ఆడవాళ్ళు ముందుకొచ్చారు. అందులో మా ఆవిడ ఒకతె.

వచ్చిన చిక్కల్లా ఆ వెచ్చదనం దగ్గరే. చలికాలం. ల్యాబుల్లో దానికి పెట్టె ఉంటుందట, మా దగ్గరెక్కడిది? ఒకావిడ పొయ్యి పక్కన పెడితే సీసాలు ఉడికిపోయాయి. ఇంకొకావిడ దుప్పట్లో చుడితే చల్లబడిపోయాయి. మనిషి ఒంటి వేడి అయితే సరిగ్గా సరిపోతుందని టీచరమ్మ మాటవరసకి అంది. మా ఆవిడ ఆ మాట పట్టుకుంది. ఇంటికొచ్చి మందపాటి గుడ్డ తీసి, పన్నెండు జేబులున్న పట్టీ ఒకటి గంటన్నరలో కుట్టేసింది. ఏ జేబు ఎవరిదో తెలియడానికి ఒక్కో ఇంటికి ఒక్కో గుండీ కుట్టింది. సెలూన్ వాళ్ళకి ఎర్ర గుండీ, బేకరీ వాళ్ళకి గోధుమరంగుది, మూలింటి ముసలాయనకి సగం విరిగినది. "ఆయన కూడా అలాగే ఉన్నాడు లెండి" అంది, నవ్వకుండా.

పదకొండు జేబులు పదకొండు ఇళ్ళకి. పన్నెండోది తెల్ల గుండీ. దాన్ని సాక్షి సీసా అంటారు. అందులో కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తారు. కాచిన నీళ్ళలో మురుగు బతకదు కాబట్టి ఆ సీసా ఎప్పుడూ నల్లబడకూడదు. అది నల్లబడిందంటే మన చెయ్యో, సీసాయో, ఏదో ఒకటి శుభ్రంగా లేదన్నమాట. అప్పుడు ఆ రోజు పరీక్ష మొత్తం చెల్లదు.

ఇక చూడండి మా ఇంట్లో భాగోతం. మెషీను తొక్కుతుంటే టిక్కుటిక్కు. కొలతలు తీసుకుంటుంటే టిక్కుటిక్కు. ఒకావిడ జాకెట్టుకి కొలతలిస్తూ, "మీ ఒంట్లో ఏదో మోగుతోందేంటండీ?" అని భయపడిపోయింది. "మీ వీధే" అంది మా ఆవిడ, నోట్లో పిన్నులు పెట్టుకునే. సీసాలున్న రోజు బరువెత్తదు, వంగదు, నా మీద కోపం వచ్చినా విసురుగా లేవదు. ఆ ఒక్కందుకు ఆ సీసాలంటే నాకు అభిమానం ఉండేది. తక్కినదంతా ఎగతాళే. "ఏమే, ఇవాళ ఎన్ని కడుపున మోస్తున్నావ్?" అనేవాణ్ణి. ఆమె పట్టించుకునేది కాదు.

ఒక్క సంగతి మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి. పదకొండు ఇళ్ళూ కింది వరసవే. పై వరసలో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. ఆ లైను నాది కదా. మా ఇంటి నీళ్ళకి గుండీయే లేదు. టీచరమ్మ ఒకసారి అడిగింది కూడా. "అక్కర్లేదండీ, అది మావారు వేసిన లైను" అంది మా ఆవిడ. నేను పక్కనే నిలబడి మీసం సవరించుకున్నాను.

మూడు వారాలు చేశారు. ప్రతిసారీ పదకొండింట్లో ఏడు నల్లబడ్డాయి. ఆ ఏడూ ఒకే వరసలో పక్కపక్క ఇళ్ళు. తెల్ల గుండీ మూడుసార్లూ తెల్లమొహంతోనే ఉంది. టీచరమ్మ ఆ కాగితాలు పట్టుకుని నీళ్ళాఫీసులో ఇంజినీరు బల్ల ముందు కూర్చుంది, లేవనంది. ఆయన కుర్రవాడే, చెడ్డవాడు కాదు. కాకపోతే పై అధికారులంటే హడల్. "మీరు చేసిందే మీరు తెచ్చి చూపిస్తే ఎలాగండీ? శనివారం నేనే వస్తాను. సీసాలు నా ముందు తియ్యండి. సాక్షి బాగుండి తక్కినవి నల్లబడితే సోమవారం రోడ్డు తవ్వడానికి సంతకం పెడతాను. ఈసారి తేడా వస్తే మాత్రం ఇంక నావల్ల కాదు. బుధవారం మీ వీధికి కొత్త తారు వేస్తున్నారు. తారు పడ్డాక రెండేళ్ళు గునపం దించనివ్వరు" అన్నాడు.

అంటే అందరి పొట్టలూ ఆ ఒక్క శనివారం మీద ఆధారపడి ఉన్నాయి. రెండేళ్ళంటే మాటలా?

శుక్రవారం పొద్దున్నే మా ఆవిడ సాక్షి సీసా కోసం గిన్నెలో నీళ్ళు మరిగేదాకా కాచి, మూత పెట్టి చల్లారడానికి వంటింటి గట్టుమీద ఉంచింది. చేతులు మోచేతులదాకా కడుక్కుని సీసాలు పట్టుకుని కింది వరసకి వెళ్ళింది. నేనేమో చీకట్లోనే బేకరీలో గొట్టం పగిలిందంటే పరిగెత్తాను. పొయ్యిల పక్కన గంటసేపు నడుం వంచి పనిచేసేసరికి ప్రాణం తోకకొచ్చింది. ఇంటికొచ్చి చూస్తే గట్టుమీద గిన్నె, మూత, లోపల నీళ్ళు. ఎత్తి గటగటా తాగేశాను. అడుగు కనబడ్డాకగానీ నాకు తెల్ల గుండీ గుర్తుకు రాలేదు.

అప్పుడైనా నోరు విప్పి చెప్పొచ్చుగా? చెప్పలేదు. బయట చెప్పుల చప్పుడు, టిక్కుటిక్కు వినిపిస్తోంది. మా ఆవిడకి మామూలు కోపం వస్తే 'ఏవండీ' అంటుంది. అసలైన కోపం వస్తే 'ఏమయ్యా' అవుతుంది, 'మీరు' పోయి 'నువ్వు' వస్తుంది. పొద్దున్నే ఆ 'నువ్వు' ఎవడు పడతాడు? గబుక్కున కుళాయి తిప్పి, ఎంత తాగానో అంత నింపేసి మూత పెట్టేశాను. మనసులో ఏమనుకున్నానో తెలుసా? నా లైను నీళ్ళు కాచిన నీళ్ళకంటే ఏం తక్కువ అనుకున్నాను.

ఆమె వచ్చి, మూత తీసి, చల్లారాయో లేదో గిన్నె బయటివైపు చెయ్యి ఆనించి చూసి, తెల్ల గుండీ సీసా నింపుకుంది. "మీరు దీన్ని ముట్టుకోలేదు కదా?" అంది. "నాకేం పని?" అన్నాను. ఛీ, ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శనివారం పొద్దున టీచరమ్మ వరండాలో బల్ల వేసి తెల్లగుడ్డ పరిచారు. ఇంజినీరు కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీశాడు. కింది వరస మొత్తం మెట్లమీదా, గోడమీదా, గేటు బయటా నిలబడి ఉంది. నేను వెనక స్తంభానికి ఆనుకుని ఉన్నాను. మా ఆవిడ పట్టీ విప్పి ఒక్కో జేబూ తెరిచి, గుండీ రంగు చెప్తూ సీసాలు పెడుతోంది. ఎర్ర గుండీ, నలుపు. గోధుమరంగు, నలుపు. విరిగిన గుండీ, నలుపు. ప్రతి నలుపుకీ జనంలో చిన్న సందడి, మ్యాచిలో పరుగు తీసినట్టు. నల్లబడితే ఆనందమేమిటో, మా గతి అలా ఉంది. ఏడు నలుపులు అయ్యాయి. ఇంజినీరు తల ఊపుతూ రాసుకుంటున్నాడు.

చివరి జేబులో చెయ్యి పెట్టి ఆమె ఆగిపోయింది. సీసా అరచేతిలోనే ఉంది, ఇంకా బల్లమీద పెట్టలేదు. పక్కనే ఉన్న బేకరీ ఆవిడ చూసింది. చూసి, చెవిలో ఏదో అంది. ఆ మాట నాకు వినబడలేదు గానీ అందరికీ అర్థమయ్యేలాగే ఉంది, ఆమె కొంగు అడ్డం పెట్టబోయింది. దాచెయ్యమంది. ఇంజినీరు ఇంకా కాగితంలోనే తల దూర్చి ఉన్నాడు. ఇంకో సీసా మార్చి పెట్టినా ఎవరికీ తెలియదు.

మా ఆవిడ సీసా తీసి బల్ల మధ్యలో పెట్టింది.

"తెల్ల గుండీ, నలుపు" అంది. ఎర్ర గుండీ అన్నప్పుడు ఎలా అందో అలాగే అంది. "సాక్షి చెడిందండీ. ఇవాళ్టి పరీక్ష చెల్లదు."

ఒక్కసారిగా గోలెత్తిపోయింది. "నీకేమైనా పిచ్చా! పక్కన పెట్టేస్తే పోయేదిగా! ఎవరు చూశారు?" అని గోడమీద కూర్చున్న సెలూన్ ఆయన అరిచాడు.

"నేను చూశాను కదా" అంది.

ఇంజినీరు పెన్ను మూత పెట్టేశాడు. ఆయన మొహంలోనూ బాధే కనబడింది, కానీ ఏం చేస్తాడు? "సారీ అమ్మా" అని లేచాడు. ఆమెని ఎవరూ పలకరించలేదు. అన్ని కళ్ళ మధ్యనుంచి పట్టీ మడిచి చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను స్తంభం దగ్గరే ఉండిపోయాను. సిగ్గుగానూ ఉంది, గర్వంగానూ ఉంది, రెండూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకున్నాయి. నాకు తెలుసు కదా ఆ సీసాలో ఏముందో. అయినా అప్పటికీ నా మట్టిబుర్రకి అసలు సంగతి తట్టలేదు. గిన్నెకి నా చెయ్యి తగిలి చెడింది కాబోలనుకున్నాను. నా లైనుని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు.

ఇంటికెళ్ళేసరికి ఆమె సింకు దగ్గర నిలబడి గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి తోముకుంటోంది. చేతులు ఎర్రగా కందిపోయాయి.

"నా చేతులు శుభ్రంగా లేవండీ. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియట్లేదు. పట్టీ బేకరీ ఆవిడకి ఇచ్చేస్తాను. ఇంక నేను ముట్టుకోను" అంది.

కాలరు వెనక నూలు పోగు కోసం కోటంతా విప్పే మనిషి. ఆ చేతులు శుభ్రంగా లేవట. చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే బయట కుళాయి తిప్పిన చప్పుడు.

సెలూన్ వాళ్ళ కోడలు. చంకలో మూడేళ్ళ పిల్ల, చిట్టి. నీరసంగా తల్లి భుజం మీద తల వాల్చేసింది. క్యాన్ నిండుతోంది.

"పిల్లకేమైందమ్మా?" అన్నాను.

"నిన్నటినుంచి మళ్ళీ అదే బాబాయ్. ఏం తిన్నా నిలవట్లేదు. నెలలో ఇది మూడోసారి. మా కుళాయి నీళ్ళు చుక్క కూడా దానికి పట్టట్లేదు, నీ మీదొట్టు. పాలల్లో కలిపినా మీ నీళ్ళే. ఎందుకొస్తోందో డాక్టరుక్కూడా అర్థం కావట్లేదు" అంది.

గిన్నె, మూత, కుళాయి, నల్లబడిన సీసా, చంకలో పిల్ల, అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి. ఆ సీసాలో ఉన్నవి ఆమె కాచిన నీళ్ళు కావు. మా ఇంటి నీళ్ళు. నేను గ్యారంటీ అని రోజూ పిల్లలకి పోయిస్తున్న నీళ్ళు. ఒక్క దూకు దూకి కుళాయి కట్టేశాను.

"పారబోయమ్మా! పారబోసెయ్! ఈ నీళ్ళు తాగొద్దు!"

ఆ పిల్ల తల్లి బిత్తరపోయింది. మా ఆవిడ తడిచేతులతో బయటికి వచ్చింది. అక్కడే, ఆ కుళాయి దగ్గరే, ఇద్దరి ముందూ కక్కేశాను. గిన్నె ఎత్తి తాగింది, నింపింది, నాకేం పని అన్నది, అంతా.

తుపాను వస్తుందని తల వంచుకున్నాను. రాలేదు. ఆమె నావైపు చూస్తూ, "ఏ కుళాయి? వంటింటిదా, బయటిదా?" అంది.

"వంటింటిది."

"గిన్నెలో చెయ్యి పెట్టారా?"

"లేదు. మూత తీశాను, ఎత్తాను, కుళాయి కింద పట్టాను, అంతే."

ఆమె మొహంలో నామీద కోపం కంటే ముందు ఇంకేదో కనబడింది. తప్పు కుట్టు ఎక్కడుందో దొరికినప్పటి మొహం అది. "మన ఇంటికి గుండీ పెట్టలేదండీ నేను. ఊరందరివీ చూశాను. మన కుళాయి చూడలేదు. మీ మాట నమ్మి వదిలేశాను" అంది. ఆ తర్వాత వచ్చింది తుపాను. "ఏమయ్యా, నువ్వసలు మనిషివేనా? దాహమేస్తే తాగావు, సరే. చెప్పడానికి నోరు పడిపోయిందా? నీ మీసం ముఖ్యమా, ఈ పిల్ల ప్రాణం ముఖ్యమా?" ఇంకా చాలా అంది, అవన్నీ మీకెందుకు? ప్రతి అక్షరమూ నాకు తగిందే.

అని, నా చెయ్యి పట్టుకుని లాక్కుంటూ బయల్దేరింది. టీచరమ్మ గేటు దగ్గర ఇంజినీరు జీపు ఎక్కబోతున్నాడు. కింది వరసవాళ్ళు ఇంకా గుంపులుగా ఉన్నారు. "ఏం జరిగిందో మీరే చెప్పండి" అని నన్ను ముందుకి నెట్టింది. మళ్ళీ 'మీరు'కి వచ్చిందని లోపల కాస్త ధైర్యం వచ్చింది. చెప్పాను. అందరి ముందూ, జీపు బానెట్టు మీద చెయ్యి పెట్టుకుని, నేను వేసిన లైనులో మురుగు కలుస్తోందని నా నోటితో నేనే చెప్పాను. ముప్ఫై ఏళ్ళలో అంత కష్టమైన పని నేను చెయ్యలేదు.

ఇంజినీరు జీపు దిగాడు. "అయితే ఇది ఒక్క వరస సంగతి కాదు. ఇంకొక్కసారి చేస్తారా? రెండు వరసలూ. రేపు ఆదివారమైనా వస్తాను" అన్నాడు.

ఇంకొక్కసారా అంటే? అప్పుడే మొదలుపెట్టారు. సాయంత్రం నీళ్ళు వచ్చేలోపు మా ఆవిడ ఇంకో పట్టీ కుట్టేసింది. ఆ డబ్బాలో పద్నాలుగు రకాల గుండీలు ఇంకా మిగిలే ఉన్నాయి. రెండో పట్టీ కట్టుకునేందుకు బేకరీ ఆవిడ ముందుకొచ్చింది, పొద్దున దాచెయ్యమన్న నోటితో ఇప్పుడు మాట్లాడలేక ఊరికే చేతులు చాపింది. నేనేమో పై వరసలో తలుపు తలుపూ కొట్టుకుంటూ వెళ్ళాను. "అమ్మా, కాచకుండా తాగొద్దు. నేను వేసిన లైనే. అవును, గ్యారంటీ అన్నది నేనే." ప్రతి గుమ్మంలోనూ అదే పాట. కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. "మాకూ అప్పుడప్పుడు కడుపు పాడవుతూనే ఉంది, వాసన లేదు కదా, పైగా నీ గ్యారంటీ, బయటి తిండి వల్లేమో అనుకున్నాం" అన్నారు ఇద్దరు ముగ్గురు. కింది వరస మూలింటి ముసలాయన అయితే పనిగట్టుకుని నా వెనకే వచ్చి, చెవి వినబడనట్టు నటించి మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఈసారి గిన్నె దగ్గర టీచరమ్మని కాపలా పెట్టారు. నన్ను వంటింట్లోకి రానివ్వలేదు.

ఆదివారం సాయంత్రం బల్లమీద అందరి ముందూ మొదట తెల్ల గుండీ పెట్టింది మా ఆవిడ. శుభ్రంగా ఉంది. తర్వాత కింది వరస, ఎప్పట్లాగే ఏడు నలుపు. తర్వాత పై వరస. మొదటి మూడిళ్ళు శుభ్రం. నాలుగో ఇంటినుంచి వరసగా ఆరు నలుపు. ఐదోది మాది. ఆరు నల్ల సీసాల్నీ, ఏడు నల్ల సీసాల్నీ ఎదురెదురుగా పెట్టి చూసి, "ఇక్కడ ఏముంది?" అంది మా ఆవిడ, మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్య ఖాళీలో వేలు పెట్టి.

అక్కడేముందో భూమ్మీద నాకొక్కడికే తెలుసు. పందొమ్మిదేళ్ళ కిందట అక్కడ గోతిలో బండ అడ్డొచ్చింది. దాన్ని పగలగొట్టలేక నీళ్ళ గొట్టాన్ని మురుగు గొట్టం కిందనుంచి తిప్పి జాయింటు వేశాను. పైన ఇనప తొడుగు తర్వాత వేద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఎప్పుడు వచ్చింది? మట్టి కప్పేశాక ఎవరు చూస్తారనుకున్నాను.

ఇంజినీరు అక్కడే సంతకం పెట్టాడు. సోమవారం రోడ్డు తవ్వారు. గోతిలోకి నేనే దిగాను, ఆఫీసు కుర్రాళ్ళు దిగుతామన్నా ఒప్పుకోలేదు. మురుగు గొట్టం నిలువునా పగిలి నా జాయింటు మీద చుక్కచుక్కగా కారుతోంది. అక్కడి మట్టంతా నల్లగా నాని, కింది వరస గొట్టందాకా పాకింది. నీళ్ళు వచ్చేటప్పుడు పర్వాలేదు, నీళ్ళు ఆగినప్పుడల్లా గొట్టాలు ఆ మురుగుని లోపలికి పీల్చుకుంటున్నాయి. ఆ కంపులో మోకాళ్ళమీద కూర్చుని నా జాయింటు నేనే కోసేశాను. కొత్త గొట్టాన్ని మురుగుకి దూరంగా, ఎత్తుమీదనుంచి తీసుకెళ్ళాం. ఇనప తొడుగు ఈసారి ముందే వేశాను. తల ఎత్తి చూస్తే గోతి అంచున మా ఆవిడ నిలబడి ఉంది, మెడలో కొలతల టేపు, కళ్ళు ఆ తొడుగు మీదే. మంగళవారం గొయ్యి పూడ్చారు. బుధవారం తారు పడింది.

లైన్లు కడిగాక మళ్ళీ పరీక్ష. మా ఆవిడ నా పాత పనిచొక్కా తీసి, మెడ దగ్గర నీలం గుండీ కత్తిరించి, పట్టీలో ఒక కొత్త జేబుకి కుట్టింది. మా ఇంటి సీసా అందులో పెట్టి నా చేతికిచ్చింది. "ఇవాళ మీరు కట్టుకోండి" అంది. కట్టుకున్నాను. రోజంతా బరువెత్తలేదు, వంగలేదు, విసురుగా లేవలేదు. నడుస్తుంటే టిక్కుటిక్కు. సెలూన్ ఆయన చూసి, "ఏంటి బావా, ఎన్నో నెల?" అన్నాడు. అలాంటి మాట మొదట అన్నది నేనే కదా, నోరు మూసుకుని పడ్డాను. మనవరాలు బాగుందా అని మాత్రం అడిగాను. "నిన్ననుంచి ఇల్లు పీకి పందిరేస్తోంది" అన్నాడు.

మర్నాడు పొద్దున సీసా తీసి కిటికీ వెలుతురులో పెట్టాను. అద్దంలా ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. "చూశావా? ఈసారి నా చెయ్యి..." అనబోయాను.

"చూశాను. వచ్చే శనివారం మళ్ళీ చూస్తాను" అని మెషీను ముందు కూర్చుంది. ప్రతి శనివారం చూస్తూనే ఉంది.

మొన్న పక్కవీధిలో కొత్త ఇంటికి గొట్టాలు వేసి, కుళాయి తిప్పి చూపించాను. ఆ ఇంటాయన దోసిలి పట్టి, "నీళ్ళు తాగొచ్చా? గ్యారంటీయేనా?" అన్నాడు. చెయ్యి అలవాటుగా గుండెదాకా లేచింది, దించేశాను.

"ఒక్క రోజు ఆగండి" అన్నాను. "మా ఆవిడ చూసి చెప్తుంది."

"మీ ఆవిడెవరు?"

"సీసాలావిడ."

"అయ్యో, ఆవిడ భర్తా మీరు? ముందే చెప్పొద్దూ!" అని ఆయన దోసిట్లో నీళ్ళు పారబోసి, నాకు కుర్చీ వేశాడు.